పాత భవంతి మ్యూజియంలో ప్రదర్శన: గోడకు గీత పడకుండా ఏర్పాటు చేయడం ఎలా

పునరుద్ధరించిన పాత భవంతిలో చిత్రాల ప్రదర్శనో వాస్తుశిల్ప ప్రదర్శనో పెట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందు వస్తువుల జాబితా రాసుకుని, తర్వాత గదులు చూడటానికి వెళ్తారు. చిక్కులు అక్కడే మొదలవుతాయి. మామూలు గ్యాలరీలో గోడ కావలసిన చోట కట్టుకోవచ్చు, మేకు కావలసిన చోట కొట్టుకోవచ్చు. భవంతిలో గోడకు అంటించిన పట్టుగుడ్డ, కింది సగానికి వేసిన చెక్క తొడుగు, పైకప్పు అంచున గచ్చుతో చేసిన పూలపట్టీ, చెక్క నేల అన్నీ మ్యూజియం సేకరణలోని వస్తువులే. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన చిత్రానికి ఎంత జాగ్రత్త పడతామో వీటికీ అంతే పడాలి. అందుకని ముందు గదిని, తర్వాత అక్కడికి చేరే దారిని, ఆపైన గాలీ వెలుగుల్నీ చూసుకోవాలి. జాబితా చివర్న ఖాయం కావాలి.

గదికో ఫైలు

ప్రతి గదికీ ఒక ఫైలు తెరవండి. 1:50లో నేల ప్లాను, 1:20లో నాలుగు గోడల ఎలివేషన్లు (గోడను ఎదురుగా చూసినట్టు గీసే బొమ్మలు) గీయించండి. ఎలివేషన్ల మీద మూడు రంగులు వాడండి: కట్టినప్పటి భాగాలకు ఒకటి, పునరుద్ధరణలో కొత్తగా చేసి అమర్చిన వాటికి ఒకటి, వైరింగు, ఏసీ గొట్టాల్లాంటి ఇప్పటి చేర్పులకు ఒకటి. పునరుద్ధరణ ఊహ మొదలయ్యే చోట ఆగిపోవాలనీ, కొత్తగా పెట్టిన భాగం మిగతా కట్టడంలో ఇమిడిపోతూనే పాతదాని నుంచి వేరుగా గుర్తుపట్టేలా ఉండాలనీ పాత కట్టడాల సంరక్షణకు అంతర్జాతీయ ఒప్పుకోలైన 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతుంది. ఆ పద్ధతిలో పని జరిగిన భవంతి అయితే ఏది పాతదో ఏది కొత్తదో రికార్డుల్లో దొరుకుతుంది. ఏదైనా బిగించక తప్పనప్పుడు మూడో రంగు భాగాల్లోనే బిగించాలి, అదీ కన్జర్వేటర్ (పాత వస్తువుల్ని, కట్టడాల్ని సంరక్షించే నిపుణుడు) సరేనన్నాకే.

కొలవాల్సినవి ఇవి: తలుపులకూ కిటికీలకూ మధ్య మిగిలే గోడ పొడవు, చెక్క తొడుగు పై అంచు నుంచి పిక్చర్ రైల్ (చిత్రాలు వేలాడదీయడానికి గోడ పైభాగాన ఉండే పట్టీ) దాకా, అక్కడి నుంచి కార్నిస్ (పైకప్పు అంచు పూలపట్టీ) దాకా ఎత్తు, ఫైర్‌ప్లేస్ గట్టు ఎంత ముందుకు పొడుచుకొచ్చింది, తలుపు పూర్తిగా తెరిచినప్పుడు గోడలో ఎంత భాగాన్ని మింగేస్తుంది, స్విచ్చులు, గాలి జాలీలు ఎక్కడున్నాయి. పదిహేను మీటర్ల చుట్టుకొలత ఉన్న గదిలో నిజంగా చిత్రం పట్టే గోడ ఐదారు మీటర్లు మించదని ఇలా కొలిచాక గానీ తెలియదు. జాబితా సగానికి పడిపోయేది ఇక్కడే.

దారి, నేల

వస్తువు వ్యాను దిగినప్పటి నుంచి గదిలో నిలబడేదాకా మొత్తం దారిని టేపు పట్టుకుని నడవండి. తలుపు చట్రం వెడల్పు చూసి సరిపెట్టుకోవద్దు. తలుపు రెక్క మందం, పిడి పోగా మిగిలే ఖాళీని కొలవాలి. మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు అక్కడ పోతాయి. మెట్ల మలుపే అసలు పరీక్ష. అన్నింటికన్నా పెద్ద క్రేటుకు (వస్తువు ప్యాక్ చేసి వచ్చే చెక్కపెట్టెకు) సమానమైన పొడవు, ఎత్తు, మందంతో అట్టతో ఖాళీ పెట్టె చేసి, ఇద్దరు మనుషులు దాన్ని పట్టుకుని పైదాకా తీసుకెళ్లి చూడాలి. పై నుంచి వేలాడే దీపం, మెట్ల కటకటాల పైన చెక్క బొడిపె కాగితం మీద గీసిన ప్లానులో కనిపించవు, అట్టపెట్టెకు తగులుతాయి. క్రేటు పట్టకపోతే కింది అంతస్తులోనే విప్పాల్సి వస్తుంది. అంటే అక్కడ తాళం వేసే గది, మెత్తటి బల్ల, కావలి మనిషి ముందే సిద్ధంగా ఉండాలి.

మోత జరిగే రోజుల్లో చెక్కనేల మీద ముందు మెత్తటి ఫెల్టు, దానిపైన ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరవండి. పలకల్ని ఒకదానికొకటి టేపుతో కలపొచ్చు గానీ నేలకు మాత్రం అంటించకండి. టేపు జిగురు పాత పాలిష్‌ను పట్టుకుని ఊడదీస్తుంది. పరిచే ముందు నేలను వాక్యూమ్ చేయాలి, లేకపోతే కింద చిక్కిన ఇసుకరేణువు బరువుకు నలిగి గీత పెడుతుంది.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. నివాస గృహాల నేలను సాధారణంగా చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల లెక్కన రూపొందిస్తారు, జనం గుమిగూడే ప్రదర్శనశాలలకు ఇది 500 దాకా ఉంటుంది. భవంతి కట్టిందేమో నివాసానికి. 600 కిలోల రాతి శిల్పాన్ని 60 సెంటీమీటర్ల చదరపు పీఠం మీద పెడితే కింద 0.36 చదరపు మీటర్లే, అంటే చదరపు మీటరుకు 1,667 కిలోలు. మీటరున్నర పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న ఉక్కు పలక వేసి బరువు పరిచినా 267 దగ్గర ఆగుతుంది. పలక బరువు, చుట్టూ నిలబడే జనం అందులో లేరు. అలాంటి శిల్పం పై అంతస్తుకు పనికిరాదు. కింద గట్టి నేల ఉన్న హాల్లో పెట్టాలి. తక్కువ బరువులకైనా దూలాలు ఏ దిశలో వెళ్తున్నాయో తెలుసుకుని, పలక కనీసం మూడు నాలుగు దూలాల మీదుగా పడేలా వేయాలి. పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీరు రాసిచ్చిన సంఖ్య లేనిదే పై అంతస్తులో బరువైన వస్తువేదీ పెట్టకండి.

గాలిలో తేమ

ఏడాది ముందు నుంచే ప్రతి గదిలో ఒక డేటా లాగర్ (వేడిని, తేమను ఆగకుండా నమోదుచేసే చిన్న పరికరం) ఉంచండి. అరువిచ్చే సంస్థ మొదట అడిగేది ఆ గ్రాఫునే. ఒకప్పుడు 20 డిగ్రీలు, 50 శాతం తేమ అని ఒక్క సంఖ్య మీద పట్టుబట్టేవారు. పెద్ద మ్యూజియాల అధిపతుల బీజో బృందం మార్గదర్శకాల్లో చాలా వస్తువులకు 16 నుంచి 25 డిగ్రీల సెల్సియస్, 40 నుంచి 60 శాతం సాపేక్ష తేమ, 24 గంటల్లో పది శాతానికి మించని హెచ్చుతగ్గు అన్న పరిధి ఉంది. భవంతులకు ఇది గొప్ప ఊరట. ఎందుకంటే 50 శాతం దగ్గర పట్టి ఉంచాలని చలిదేశాల్లో శీతకాలమంతా గదిలోకి ఆవిరి వదిలితే, అది ఒంటి అద్దపు కిటికీల మీదా బయటి గోడ లోపలా నీరై చేరుతుంది. చట్రాలు కుళ్లుతాయి, గచ్చు ఉబ్బుతుంది. చిత్రాన్ని కాపాడబోయి ఇంటిని పాడుచేసినట్టు.

పరిధిలో ఇమడని సున్నితమైన వస్తువులకు గదినంతా మార్చకుండా, గాలి చొరబడని అద్దాల పెట్టెను మాత్రమే సర్దండి. చెక్కపై వేసిన చిత్రాలు, దంతం, తోలుకాగితం ఈ కోవలోకి వస్తాయి. పెట్టె అడుగు అరలో కావలసిన తేమకు ముందే సిద్ధం చేసిన సిలికా జెల్ (తేమను పీల్చుకుని, అవసరమైతే వదిలే గుళికలు) ఉంచుతారు. మామూలు జెల్ అయితే పెట్టె లోపలి ఘనమీటరుకు 20 కిలోలన్నది స్థిరపడిన లెక్క. పెట్టె సరిగా మూసుకోకపోతే ఎంత జెల్ పోసినా వృథా. జెల్ మార్చడానికి పైమూత తెరవాల్సిన పని లేకుండా అడుగు అరకు విడిగా తలుపు ఉండాలి.

బయటి గోడలకు వేలాడే చిత్రాల వెనుక గాలి కదలక తేమ పట్టి బూజు వస్తుంది. చట్రం కింది మూలల్లో బిరడాచెక్క ముక్కలు పెట్టి గోడకూ చిత్రానికీ మధ్య కనీసం రెండు సెంటీమీటర్ల సందు ఉంచండి, చిత్రం వెనుక రక్షణ అట్ట బిగించండి. ఫైర్‌ప్లేస్ పైన ఖాళీ చూడగానే పెద్ద చిత్రం పెట్టాలనిపిస్తుంది. ఆ పొగగొట్టం గుండా చలిగాలి, మసి, వానతేమ కిందికి దిగుతాయి. వాడకంలో లేని పొగగొట్టమైతే కొంచెం గాలి ఆడేలా మూయించి, ఒక నెల లాగర్ అక్కడే పెట్టి చూశాకే నిర్ణయించాలి. వాడకంలో ఉంటే అక్కడ అసలు చిత్రం వద్దు.

జనం కూడా వాతావరణమే. ఊరికే నిలబడిన మనిషి దాదాపు వంద వాట్ల వేడి వదులుతాడు. ప్రారంభోత్సవం రోజు చిన్న గదిలో నలభైమంది చేరితే నాలుగు కిలోవాట్ల హీటరు పెట్టినట్టే, పైగా వాళ్ల ఊపిరిలోని తేమ. లాగర్ గ్రాఫులో అన్నిటికన్నా నిటారుగా లేచే గీత తరచు ఆ సాయంత్రానిదే. ప్రసంగాలు హాల్లో పెట్టి, గదుల్లోకి విడతలుగా పంపాలి.

వెలుగు

కాగితం, బట్ట, నీటిరంగులు, పాత ఫొటోలకు 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుగుకు కొలత). నూనెరంగు చిత్రాలకు 150 నుంచి 200. రాయి, లోహం, రంగు వేయని మట్టిపనికి ఈ పట్టింపు లేదు. వెలుగు వల్ల కలిగే నష్టం కూడుతూ పోతుంది. 50 లక్స్‌తో రోజుకు ఎనిమిది గంటల చొప్పున 90 రోజులు చూపిస్తే 36,000 లక్స్ గంటలు. అదే కాగితాన్ని 5,000 లక్స్ పడే కిటికీ పక్కన పెడితే ఎనిమిది గంటల్లో 40,000. మూడు నెలల ప్రదర్శనకు సరిపడే వెలుగును ఒక్కరోజులో మించిపోయింది. అందుకే భవంతి ప్రదర్శనలో మొదటి పని కిటికీలే.

పాత చేతితయారీ గాజుకు అతినీలలోహిత ఫిల్మ్ నేరుగా అంటించకండి. వేడి అసమానంగా పట్టి గాజు పగలొచ్చు, తీసేటప్పుడు జిగురు వదలదు. చట్రం లోపలివైపు అయస్కాంత పట్టీలతో నిలిచే అక్రిలిక్ పలక గానీ, వెలుగును వడగట్టే రోలర్ తెర గానీ వేయండి. తెర పూర్తిగా దించేస్తే గది గుహలా ఉంటుంది, కిటికీ అందమూ పోతుంది. సూర్యుడు నేరుగా పడని వైపు తెరలు సగం ఎత్తి ఉంచి, ఆ గదిలో వెలుగు తట్టుకునే వస్తువులు పెట్టడం మేలు. దీనికోసం గదుల వరస మార్చాల్సి వచ్చినా మార్చుకోండి. కాలక్రమం తప్పకూడదని నీటిరంగుల్ని ఎండ గదిలో వేలాడదీసేవాళ్లు తప్పు చేస్తున్నట్టే.

దీపాలకు 2,700 నుంచి 3,000 కెల్విన్ (పసుపు ఛాయ వెలుగు), రంగుల నాణ్యత సూచిక (సీఆర్ఐ) 90కి పైన ఉన్న ఎల్ఈడీలు తీసుకోండి. గచ్చు పైకప్పుకు దీపాల ట్రాక్ బిగించే వీలు లేదు కాబట్టి మూడు దారులున్నాయి: నేల మీద నిలిచే సన్నటి స్తంభాలు, కార్నిస్ అంచు మీద వాలి కింద నుంచి కనబడని తేలికపాటి దీపాల పట్టీ, గోడల ముందు నిలబెట్టే ప్రదర్శన పలకలకే పై నుంచి ముందుకు చాచిన చేతిదీపాలు. మా మొగ్గు మూడోదానికే. గదికీ దీపానికీ సంబంధమే ఉండదు, వైరు పలక వెనుక దాగుతుంది. కాంతి నిలువుకు 30 డిగ్రీల కోణంలో పడాలి. అంతకన్నా నిటారుగా పడితే చట్రం నీడ చిత్రం మీద పడుతుంది, అంతకన్నా వాలుగా పడితే అద్దం మెరుస్తుంది. ఏ దీపం, ఏ కిటికీ మెరుస్తాయో ముందే తెలుసుకోవాలంటే చిత్రం ఉండే చోట అదే ఎత్తులో ఒక మామూలు అద్దం పెట్టి, చూసేవాళ్లు నిలబడే చోట నిలబడండి. అద్దంలో ఏది కనిపిస్తే అదే రేపు చిత్రం మీద మెరుస్తుంది. షాండిలియర్ ఉన్న గదుల్లో ఈ పరీక్ష తప్పనిసరి.

పాత వైరింగు మీద కొత్త బరువు వేయకండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో బోర్డు తగిలించడం ఏ కారణానికీ ఒప్పుకోకూడదు.

వేలాడదీయడం

పిక్చర్ రైల్ ఉంటే అదృష్టమే, కానీ అది ఎంత బరువు మోస్తుందో తేల్చుకోవాలి. మొదటినాటి రైలు గోడలోని చెక్కదిమ్మెలకు దిగి ఉంటుంది. పునరుద్ధరణలో అలంకారంగా పెట్టిన రైలు జిగురు మీదే నిలిచి ఉండొచ్చు. వేలాడదీయబోయే బరువుకు నాలుగు రెట్లు తట్టుకునే సామర్థ్యం తీగకూ కొక్కేలకూ ఉండాలి. రైలు సంగతి కన్జర్వేటర్ పరీక్షించాకే.

ఒక్క కొక్కెం నుంచి త్రిభుజంలా తీగ వేస్తే తీగ మీద బరువు పెరుగుతుంది. తీగ అడ్డానికి 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో పాయ మీద చిత్రం బరువంతా పడుతుంది. రెండు కొక్కేల నుంచి రెండు నిలువు తీగలు వేస్తే ఒక్కోదాని మీద సగమే, చిత్రమూ పక్కకు ఒరగదు. ఎత్తైన రైలు నుంచి వేలాడే చిత్రం పై అంచు ముందుకు వాలుతుంది. చట్రం వెనుక రింగుల్ని పై నుంచి నాలుగో వంతు లోపే బిగిస్తే వాలు తగ్గుతుంది.

లెక్క ఇలా వేయండి. రైలు 300 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, చట్రం ఎత్తు 90, చిత్రం మధ్యబిందువు 155 దగ్గర ఉండాలి. చట్రం పై అంచు 155 కు 45 కలిపితే 200. రింగు పై అంచుకు 20 కింద, అంటే 180. తీగ పొడవు 120, అందులోంచి కొక్కెం పొడవు తీసేయాలి. బరువుకు తీగ కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది కాబట్టి సవరించుకునే పట్టు ఉన్న కొక్కేలు వాడండి.

గ్యాలరీల్లో మధ్యబిందువు 145 నుంచి 152 సెంటీమీటర్ల మధ్య పెట్టడం అలవాటు. భవంతిలో అది గుడ్డిగా పాటిస్తే 95 సెంటీమీటర్ల చెక్క తొడుగు ఉన్న గదిలో 120 ఎత్తు చట్రం కింది అంచు తొడుగు మీదికి వచ్చేస్తుంది. కనీసం పది సెంటీమీటర్లు పైన ఉండాలంటే మధ్యబిందువు 165కు పోతుంది. ఇంకా పైకి పోవాల్సి వస్తే ఆ చిత్రాన్ని వేరే గదికి మార్చండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు అది పైకప్పు చూసినట్టు ఉంటుంది.

రైలు లేని చోట, పట్టుగుడ్డ గోడల ముందు, తమంత తాము నిలిచే పలకలే మార్గం. ప్లానులో ఎల్ ఆకారంలోనో మూడువైపుల పెట్టెలానో ఉంటే అవి తమకు తామే ఆసరా అవుతాయి. తిన్నగా ఉన్న పలకకు వెనక అడుగున బరువు దిమ్మెలు కావాలి. ఆ బరువును నేల లెక్కలో కలపడం మర్చిపోవద్దు. గోడకు కనీసం పది సెంటీమీటర్ల దూరం, గోడ వెంట గాలి ఆడటానికి. పలకను కార్నిస్ దాకా లేపితే గది మాయమైపోతుంది. తలుపు చట్రం పైగీతకు కొంచెం దిగువన ఆపితే గది ఆకృతి పైన కనిపిస్తూనే ఉంటుంది.

చూసి నేర్చుకోదగ్గ నమూనాలు ఉన్నాయి. ఇటలీలోని పలెర్మోలో పదిహేనో శతాబ్దపు పలాజ్జో అబతెల్లిస్‌ను 1953–54లో మ్యూజియంగా సర్దిన వాస్తుశిల్పి కార్లో స్కార్పా ఒక్కో వస్తువుకూ దానిదైన ఆధారం, నేపథ్యం తయారుచేశాడు. శిల్పం వెనుక రంగు పలక గోడకు అంటకుండా ముందుకు నిలుస్తుంది. లండన్‌లో వాస్తుశిల్పి జాన్ సోన్ ఇంటి చిత్రాల గదిలో గోడలే తలుపుల్లా తెరుచుకునే పలకలు. చిన్న గదిలో వందకు పైగా చిత్రాలు పట్టింది అందుకే. షికాగోలో 1883లో పూర్తయిన నికర్సన్ భవంతి ఇప్పుడు డ్రీహౌస్ మ్యూజియం. పాలరాయి, చెక్కడాలు కిక్కిరిసిన ఆ గదుల్లో 2019లో యింకా షోనిబారే అనే కళాకారుడి సమకాలీన కళాకృతుల్ని చూపించారు. గది ఎంత నిండుగా ఉంటే వస్తువులు అంత తక్కువ ఉండాలి. బాగా అలంకరించిన గదిలో ఒకటి, మహా అయితే రెండు. మిగతావి సాదా గదులకు పంపండి. పనివాళ్ల గదులు, పై అంతస్తు పడకగదులు ఇందుకు బాగా పనికొస్తాయి.

వాస్తుశిల్ప వస్తువులు

భవంతిలో వాస్తుశిల్ప ప్రదర్శనకు ఉన్న బలం మరెక్కడా దొరకదు. కాగితం మీద మెట్ల సెక్షన్ (నిలువుగా కోసి చూపే బొమ్మ) చూసిన మనిషి పక్కకు తిరిగితే అవే మెట్లు ఎదురుగా ఉంటాయి. అయితే మెట్ల దగ్గర పెద్ద కిటికీ ఉంటుంది, అసలు డ్రాయింగు అక్కడ ఉండకూడదు. అసలుదాన్ని లోపలి చీకటి గదిలో 50 లక్స్ కింద ఉంచి, మెట్ల దగ్గర మంచి నకలు పెట్టండి. అది నకలని లేబుల్‌లో స్పష్టంగా రాయండి.

డ్రాయింగులన్నీ ఒకే రకం కాదు. బ్లూప్రింట్‌లో ఉన్నది ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు. వెలుగుకు వెలిసి, చీకట్లో ఉంచితే కొంతవరకు తిరిగి రంగు పుంజుకుంటుంది. దానికి క్షారం అసలు పడదు. మిగతా కాగితాలన్నిటికీ మేలుచేసే క్షారం కలిపిన మౌంట్ అట్ట దీనికి హాని, తటస్థమైన అట్టే వాడాలి. డయజో నకళ్లు (బ్లూప్రింట్ల తర్వాత వాడిన రసాయన నకళ్లు) వెలుగుకు పసుపెక్కుతాయి, వాటి నుంచి వెలువడే వాయువులు పక్క కాగితాల్ని పాడుచేస్తాయి కాబట్టి విడిగా ఫ్రేము కట్టాలి. ట్రేసింగ్ కాగితం తేమ మారగానే ముడతలు పడుతుంది. నాలుగు అంచులా అంటించి బిగిస్తే చిరుగుతుంది. పై అంచున మాత్రమే జపనీస్ కాగితపు సన్నటి పట్టీలు, గోధుమ పిండి జిగురుతో పట్టించి, కింద స్వేచ్ఛగా వదలాలి. అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో అంచుపట్టీ ఉండాలి. బొగ్గుతో, పాస్టెల్‌తో గీసిన వాటికి మామూలు అక్రిలిక్ వద్దు, స్థిరవిద్యుత్తుకు పొడి లేచి అంటుకుంటుంది. ఏళ్ల తరబడి చుట్టి ఉంచిన డ్రాయింగును బలవంతంగా విప్పితే పగుళ్లిస్తుంది. తేమ ఇచ్చి విప్పేది కన్జర్వేటర్ పని, దానికి వారాలు పడుతుంది.

నమూనాలను చాలాచోట్ల నడుమెత్తు బల్ల మీద పెట్టి పైకప్పే చూపిస్తారు. భవనం ముఖం చూపించాలంటే నమూనా నేలగీత 110 నుంచి 120 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. మొత్తం ఆవరణ ప్లాను చూపించాలంటే 75 దగ్గర. రెండూ కావాలంటే ఒక పక్క చిన్న మెట్టు కాకుండా, ప్రతిబింబం కనిపించేలా వాలుగా ఒక అద్దం పెట్టడం నయం. పాత నమూనాల్లో జిగుర్లు ఎండి ముక్కలు ఊడుతుంటాయి. పెట్టెను ఎత్తేటప్పుడు నమూనాను పట్టుకోకుండా అడుగు పలకనే పట్టుకునేలా పిడులు పెట్టించండి. గీతల కొలమానాన్ని ప్రతి డ్రాయింగు పక్కనా బొమ్మగా చూపండి, మనిషి ఆకారం ఒకటి అదే కొలమానంలో గీస్తే చూసేవాళ్లకు ఒక్కచూపులో అర్థమవుతుంది.

ఏ పదార్థాలు వాడాలి

పలకలు, పీఠాలు ఏ చెక్కతో చేయిస్తున్నారో వడ్రంగిని అడగండి. ఎండీఎఫ్ (చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక) ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతుంది, ఓక్ చెక్క ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి మూసిన పెట్టెలో సీసపు వస్తువు తెల్లటి పొడిగా మారుతుంది. మూసిన పెట్టెల్లో వాడే ప్రతి పదార్థానికీ, దాని ఆవిరి లోహాల్ని పాడుచేస్తుందో లేదో చూపే ఆడీ పరీక్ష చేయించాలి: వెండి, రాగి, సీసం ముక్కలతో కలిపి గాజుగొట్టంలో 60 డిగ్రీల వద్ద 28 రోజులు. నెల రోజులు పట్టే పని కాబట్టి బట్ట రంగు చివరి వారంలో మార్చుకునే వీలుండదని డిజైనరుకు మొదటి సమావేశంలోనే చెప్పండి. నీటి ఆధారిత రంగులే వాడి, వేశాక కనీసం మూడు నాలుగు వారాలు గాలికి ఆరనివ్వండి.

లేబుళ్లు, జనం

పాత పాలిష్, బంగారు రేకు పూత మీద ఏ జిగురు లేబులూ వద్దు. సులువుగా ఊడుతుందని అమ్మే స్టిక్కరు కూడా బంగారాన్ని తనతో తీసుకుపోతుంది. పలకల మీద, బరువు ఉన్న చిన్న స్టాండుల మీద, చేత్తో పట్టుకు చదివే అట్టల మీద రాత పెట్టండి. వస్తువు లేబుల్ 50 నుంచి 75 పదాలు, గది పరిచయం 150. అక్షరం కనీసం 20 పాయింట్లు, 50 లక్స్ గదిలో ఇంకా పెద్దది, నలుపు తెలుపుల్లో. ఇంటి సొంత వస్తువులకు ఒక రంగు లేబుల్, ప్రదర్శనకు వచ్చిన వాటికి ఇంకో రంగు. ఇది లేకపోతే ఫైర్‌ప్లేస్ మీద గడియారం ఇంటిదో ప్రదర్శనదో ఎవరికీ తెలియదు.

తాళ్ల అడ్డం వస్తువుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. నాలుగు మీటర్ల వెడల్పు గదిలో రెండు వైపులా అరమీటరు లోతు బల్లలు, వాటి ముందు ఈ దూరం పోగా 1.8 మీటర్లు మిగులుతుంది. చక్రాల కుర్చీ మలుపుకు ఒకటిన్నర మీటర్లు కావాలి కాబట్టి సరిపోతుంది, మధ్యలో ఇంకో పీఠం పెట్టాలన్న ఆలోచన మానుకోవాలి. ఒకేసారి లోపల ఎంతమంది అన్నది ఒక్కొక్కరికి మూడు చదరపు మీటర్ల ఖాళీ నేల లెక్కన తేల్చి, దాన్ని నేల సామర్థ్యంతోనూ అత్యవసర ద్వారాల వెడల్పుతోనూ పోల్చి, మూడింటిలో చిన్న సంఖ్య తీసుకోండి. పలకలు నిలిపాక కావలి మనిషి కూర్చునే చోటు నుంచి ప్రతి వస్తువూ కనిపిస్తోందో లేదో కూర్చుని చూడాలి. వీపు సంచులు, గొడుగులు కిందే ఉంచేయాలి. తాజా పూల అలంకరణ వద్దు, పురుగులు వాటితోనే లోపలికి వస్తాయి. గోడ అడుగు అంచు వెంట గదికి రెండు మూడు జిగురు ఉచ్చులు పెట్టి, నెలకోసారి ఏ పురుగులు చిక్కాయో రాసుకోండి. తివాచీ పురుగు ఒక్కటి కనబడినా బట్ట వస్తువులన్నీ తనిఖీ చేయాలి.

అమర్చే వరస, విప్పే వరస

క్రేట్లు వచ్చాక మూత తీయకుండా 24 గంటలు గదిలోనే ఉంచండి. చల్లటి పెట్టెను వెంటనే తెరిస్తే వస్తువు మీద తేమ చేరుతుంది. తెరిచాక అరువిచ్చిన వాళ్ల ప్రతినిధి సమక్షంలో స్థితి నివేదిక రాయాలి. వస్తువుతో పాటు గది గోడలకు, నేలకు, తలుపు అంచులకు కూడా అదే పద్ధతిలో ఫొటోలతో నివేదిక రాయించండి. ఇది చాలామంది చేయరు, తర్వాత గచ్చు పెచ్చు ఎప్పుడు ఊడిందో తేలదు. వస్తువు దాని సొంత గోడ దిగిన క్షణం నుంచి తిరిగి అక్కడికే చేరేదాకా బీమా వర్తించాలి, భవంతికి విడిగా బీమా ఉండాలి.

ముందు నేల పరుపు, తర్వాత పలకలు, వైర్లు, ఆపైన పీఠాలు, దుమ్ము రేపే పనంతా అయ్యాక శుభ్రం, అప్పుడే వస్తువులు. పెద్దవి ముందు, కాగితాలు ఆఖరున. అన్నీ పెట్టాక రాత్రిపూట ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి లక్స్ మీటరుతో ప్రతి వస్తువు ముందూ కొలిచి రాసుకోండి. మొదటి వారం రోజూ తీగలు, వాలు, లాగర్లు చూడాలి.

విప్పేటప్పుడు తొందర ఎక్కువ, పొరపాట్లూ అప్పుడే ఎక్కువ. అమర్చడానికి ఎన్ని రోజులిచ్చారో విప్పడానికీ అందులో కనీసం సగం ఇవ్వండి. కాగితాలు ముందు బయటికి, తర్వాత చిత్రాలు, శిల్పాలు. వస్తువులన్నీ క్రేట్లలో మూసి తాళం వేశాకే పలకల్ని కదపాలి. నేలమీది ప్లైవుడ్ అన్నింటికన్నా చివర లేవాలి. దాన్ని ఈడ్చకుండా నిటారుగా ఎత్తి, కింది ఫెల్టును లోపలివైపుకు మడిచి తీసి, అదే రోజు పగటి వెలుగులో నేలను స్థితి నివేదిక ఫొటోలతో పక్కపక్కన పెట్టి చూడండి. గీత కనిపిస్తే పాలిష్ చేయించకుండా గుర్తు పెట్టి కన్జర్వేటర్‌కు చూపించండి.